జువాలజీ క్రెడిట్లతో నర్సింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చా?

ప్రశ్న: మాది పామూరు. పదో తరగతి వరకు ఊళ్లోనే చదివాను. ఇంటర్ బైపీసీ నెల్లూరులో హాస్టల్లో ఉండి 2024లో పాసయ్యాను. సైన్సు సబ్జెక్టులన్నీ కలిపి 600కు 412 వచ్చాయి. నీట్ ఒకసారి రాశాను, సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. ఇప్పుడు కావలిలో బీఎస్సీ ఆనర్స్ జువాలజీ నాలుగో సెమిస్టర్ చదువుతున్నాను. ఆసుపత్రిలో పని చేయాలన్న కోరిక మాత్రం పోలేదు. కొత్త విధానంలో రెండేళ్లకే డిప్లొమా తీసుకుని బయటికి రావచ్చని, క్రెడిట్లు బ్యాంకులో ఉంటాయి కాబట్టి నర్సింగ్‌లోనో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) లోనో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చని మా క్లాసులో అనుకుంటున్నారు. మా మామయ్యేమో డిగ్రీ చదువుతూనే ఎంఎల్‌టీ దూరవిద్యలో కట్టమంటున్నారు. ఇంతలో బెంగళూరు నర్సింగ్ కాలేజీ ఏజెంటు ఒకాయన మా నాన్నను కలిసి, 20 వేలు అడ్వాన్సు కడితే ఏ పరీక్షా లేకుండా సీటు ఇప్పిస్తానంటున్నాడు. మాది మూడెకరాల పొగాకు సేద్యం. డిగ్రీ మానేయాలా, పూర్తి చేయాలా? మానేస్తే ఏ కోర్సు మంచిది?

సమాధానం: అమ్మా, మీరు నాలుగు సంగతులు అడిగారు. వాటిలో తొందరగా తేల్చాల్సింది ఏజెంటు సంగతి. అడ్వాన్సు కట్టవద్దని నాన్నగారికి ఈ రోజే చెప్పండి. ఎందుకో కింద రాస్తున్నాం. ఇక క్రెడిట్ల సంగతి: జువాలజీలో వచ్చిన క్రెడిట్లతో నర్సింగ్, ఎంఎల్‌టీ, ఫిజియోథెరపీల్లో దేనిలోనూ రెండో ఏడాదిలో చేరలేరు. ఎక్కడ చేరినా మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాల్సిందే.

మీ క్లాసులో అనుకుంటున్నది పూర్తిగా గాలి కబురు కాదు. సగం నిజం. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత డిగ్రీ చదువులో చాలా మారింది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు విద్యార్థి పేరున అందులో జమవుతాయి. 2022 డిసెంబరులో కొత్త క్రెడిట్ల చట్రం ఇచ్చింది. దాని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. రెండేళ్లు చదివి 80 క్రెడిట్లు తెచ్చుకున్నవారు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి నైపుణ్య కోర్సు కూడా పూర్తి చేస్తే డిప్లొమాతో బయటికి రావచ్చు. అలా వచ్చినవారు మూడేళ్లలోగా తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలోపు డిగ్రీ ముగించవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) డిగ్రీ కూడా ఈ మార్పుల్లో భాగమే.

ఈ మార్పులు సాధారణ డిగ్రీల లోపల జరిగాయి. కావలిలో జువాలజీ చదివి ఒంగోలులో జువాలజీ కొనసాగించాలన్నా, ఆపేసి మళ్లీ చేరాలన్నా మీ క్రెడిట్లు అక్కరకొస్తాయి. ఆరోగ్య వృత్తుల దారి వేరు. అక్కడ విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ ఒక్కటే చాలదు, ఆ వృత్తి కౌన్సిల్ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కాలి. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టుకు ఫార్మసీ కౌన్సిల్, ల్యాబ్ టెక్నీషియన్‌కు ఇప్పటిదాకా రాష్ట్ర పారామెడికల్ బోర్డు. దీనికి తోడు 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ల్యాబ్, ఫిజియోథెరపీ, రేడియాలజీ లాంటి అనుబంధ ఆరోగ్య వృత్తులన్నిటికీ ఒక జాతీయ కమిషన్ వచ్చింది. ఆ చట్టంలో డిగ్రీ స్థాయి ఆరోగ్య వృత్తికి కనీసం 3,600 గంటల చదువు ఉండాలన్నారు. అది మూడు నుంచి ఆరేళ్లలో సాగాలి. డిప్లొమా స్థాయికి కనీసం 2,000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్లు. ఆ గంటల్లో పెద్ద భాగం వార్డులో, ల్యాబులో, రోగి దగ్గర గడవాలి. జువాలజీ ప్రాక్టికల్స్‌లో మీరు కప్ప నాడీమండలం గురించి ఎంత బాగా నేర్చుకున్నా, ఆ గంటలు అందులో కలవవు.

ఇందులో మీకు కొంత అన్యాయం జరుగుతోందనే మా అభిప్రాయం. ఫిజియాలజీ, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం రెండేళ్లు చదివిన విద్యార్థికి నర్సింగ్ మొదటి మూడు సెమిస్టర్లలో వచ్చే ఆ థియరీ పేపర్ల వరకైనా మినహాయింపు ఇవ్వవచ్చు. విశ్వవిద్యాలయాలు, కౌన్సిళ్లు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పనే. అయితే అలా ఇచ్చినా మీకు మిగిలేది కొన్ని పేపర్ల భారమే, ఏడాది మాత్రం మిగలదు. ఇప్పుడున్న లేటరల్ ఎంట్రీలన్నీ (నేరుగా పై మెట్టులో చేరే దారులు) ఒకే వృత్తిలో కింది మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లేవి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్తారు. డీఫార్మసీ డిప్లొమా చేసినవారు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరతారు. జువాలజీ నుంచి అలాంటి మెట్టు ఏదీ లేదు.

మామయ్యగారు చెప్పిన దూరవిద్య మాట అసలే వద్దు. అనుబంధ ఆరోగ్య కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ 2025లో విశ్వవిద్యాలయాలకు ఆదేశాలిచ్చింది. ఆ విద్యా సంవత్సరం నుంచే అమలు చేయమంది. సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ లాంటివి కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవవచ్చని 2022లో యూజీసీ అన్నమాట నిజమే. కానీ వృత్తి కోర్సులకు ఆయా కౌన్సిళ్ల నియమాలే వర్తిస్తాయి. బీఎస్సీ నర్సింగ్‌లో ప్రతి కోర్సుకూ కనీసం 80 శాతం హాజరు ఉండాలి. క్లినికల్ డ్యూటీల్లో ఎగ్గొట్టిన ప్రతి గంటా తిరిగి చేసి, డిగ్రీ చేతికొచ్చేలోగా 100 శాతం చూపించాలి. అంత హాజరు పెట్టుకుని కావలి కాలేజీకి కూడా వెళ్లడం జరిగే పని కాదు. వారాంతపు తరగతులు, ఇంటి దగ్గరే ల్యాబు, పరీక్షకు మాత్రం వస్తే చాలు అని చెప్పే ఎంఎల్‌టీ ఎవరు చూపించినా దానితో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తు కూడా పెట్టలేరు.

ఇప్పుడు బెంగళూరు సంగతి. నెల్లూరు, ప్రకాశం పల్లెల నుంచి బెంగళూరులో చదివి స్థిరపడిన నర్సులు చాలామంది ఉన్నారు. అక్కడి కాలేజీలన్నీ చెడ్డవని మేం అనడం లేదు. పరీక్ష లేకుండా సీటు అన్నాడు చూడండి, అనుమానం అక్కడే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 నిబంధనల్లో బీఎస్సీ నర్సింగ్‌కు ప్రవేశ పరీక్ష ఉండాలని ఉంది. పరీక్ష రాయకుండా చేర్చుకున్న సీటుకు తర్వాత విశ్వవిద్యాలయంలో నమోదు సంఖ్య రాకపోతే, రెండేళ్ల ఫీజు పోయాక ఆ సంగతి బయటపడుతుంది. నాన్నగారు ఆ ఏజెంటును అడగాల్సినవి ఇవి. కాలేజీ పూర్తి పేరు ఏమిటి? ఈ విద్యా సంవత్సరానికి నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ పేరు ఉందా? రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఎన్ని సీట్లకు అనుమతిచ్చింది? సొంత ఆసుపత్రి ఎక్కడ, ఎన్ని పడకలు? ట్యూషన్ ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, యూనిఫాం, పరీక్ష, బస్సు ఫీజులు విడివిడిగా ఎంత? డబ్బు ఏజెంటు ఫోన్‌పేకు కాకుండా కాలేజీ బ్యాంకు ఖాతాకు కడితే కాలేజీ పేరుతో రసీదు ఇస్తారా? వీటికి కాగితం మీద జవాబులు రాకపోతే మాట్లాడటం అక్కడితో ఆపేయండి. ఇంకో మాట. వేరే రాష్ట్రంలో చదివితే ముందు అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టరై, తర్వాత ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. అందుకు కాగితాలు, రుసుములు, నెలల తరబడి ఎదురుచూపులు తప్పవు. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ వస్తుందన్న ఆశా పెట్టుకోవద్దు.

మీ సొంత లెక్కకు వద్దాం. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిషు పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. మీరు రాసిన పాత పద్ధతిలో బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండేళ్లకు 480 మార్కులు, ప్రాక్టికల్స్ 120, మొత్తం 600. అందులో 45 శాతం అంటే 270. మీకు 412 వచ్చాయి, అర్హతకు ఢోకా లేదు. డిగ్రీ మార్కులతో ఇక్కడ పని లేదు. ఇంటర్ పాసై రెండేళ్లయినా అర్హత పోదు.

పరీక్షల విషయంలో ఒక్కదాన్నే నమ్ముకోకండి. నర్సింగ్, ఫిజియోథెరపీ, పారామెడికల్ డిగ్రీల్లో కన్వీనర్ సీట్ల (కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చేవి) ఎంపిక ఏ కోర్సుకు ఏ ర్యాంకుతో జరుగుతుందన్నది ఆ ఏటి నోటిఫికేషన్ చెబుతుంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ నోటిఫికేషన్లు ఇస్తుంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్-ఫార్మసీ విభాగమూ, నీట్ రెండూ రాసి ఉంటే దేన్ని అడిగినా మీ చేతిలో ర్యాంకు ఉంటుంది. రెండింటి దరఖాస్తులూ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో మొదలవుతాయి. ఈఏపీసెట్ 160 మార్కులు: బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా 40. తప్పు జవాబుకు కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. డిగ్రీలో జువాలజీ చదువుతున్నారు కాబట్టి ఆ భాగం మీకు సులువు. జారిపోయేది ఫిజిక్స్. సింగిల్ మేజర్‌లో పడ్డాక రెండేళ్లుగా దాన్ని ముట్టి ఉండరు. రోజుకు రెండు గంటలు దొరికితే అందులో గంటకు పైగా దానికే ఇవ్వండి. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయండి.

స్థానికత దగ్గర మీలాంటి పిల్లలు చాలామంది పొరపడతారు. మీ పామూరు ఉన్న ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతంలో ఉంది, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతంలో ఉంది. 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు స్థానికులకే. స్థానికత తేల్చడానికి ముందు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు చూస్తారు. మీరు తొమ్మిది, పది పామూరులో, ఇంటర్ రెండేళ్లు నెల్లూరులో చదివారు. నాలుగేళ్లూ ఒకచోట లేవు. అప్పుడు ఏడేళ్లు లెక్కిస్తారు. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ప్రకాశం, రెండేళ్లు నెల్లూరు. కనుక మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతపు స్థానికులు. కావలిలో చదివే డిగ్రీ ఇందులో లెక్కకు రాదు. నెల్లూరులో చదివాను కదా అని దరఖాస్తులో ఎస్వీయూ అని నింపితే సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికిపోతారు, ఆప్షన్లన్నీ తారుమారవుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒంగోలు, గుంటూరు వైపు కాలేజీలను ముందు వరుసలో పెట్టండి. నెల్లూరు కాలేజీల్లో మీకు మిగిలేది అన్‌రిజర్వ్‌డ్ 15 శాతంలోనే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. వేసవి సెలవుల్లో బడి ఆఫీసులో ఎవరూ దొరకరు.

ఇక మానేయాలా వద్దా. మా సలహా ఇది: పరీక్షలు రాయండి, కౌన్సెలింగ్‌కు వెళ్లండి, సీటు అలాట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చేదాకా డిగ్రీ మానేయకండి. నర్సింగ్, పారామెడికల్ కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కంటే ఆలస్యంగా నడుస్తుంది. మీ ఐదో సెమిస్టర్ మొదలయ్యాక కూడా సీట్లు ఇస్తుంటారు. మే నెలలోనే టీసీ తీసుకుని ఇంట్లో కూర్చుంటే, సీటు రాకపోతే ఏడాది పోతుంది. నాలుగో సెమిస్టర్ పరీక్షలు బ్యాక్‌లాగ్ లేకుండా ముగించండి. డిప్లొమాతో బయటికి వచ్చే అవకాశం, మూడేళ్లలో తిరిగి చేరే అవకాశం రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. డిజిలాకర్‌లో అపార్ ఐడీ (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి, నాలుగు సెమిస్టర్ల క్రెడిట్లూ అందులో ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే కాలేజీ పరీక్షల విభాగానికి రాతపూర్వకంగా అడగండి.

కన్వీనర్ కోటాలో సీటు వస్తే చేరిపోండి. మేనేజ్‌మెంట్ కోటా తప్ప దారి లేదంటే చేరవద్దు, మూడో ఏడాది పూర్తి చేసి మళ్లీ ప్రయత్నించండి. మూడెకరాల పొగాకు మీద వచ్చే ఆదాయంతో నాలుగేళ్ల మేనేజ్‌మెంట్ ఫీజు అంటే పొలం తాకట్టు పెట్టడమే. స్టాఫ్ నర్సు తొలి జీతంతో ఆ వడ్డీ తీర్చడం చాలా కష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చేరకముందే తేల్చుకోండి. ఒకే స్థాయి చదువుకు రెండోసారి ఇవ్వరన్నది దాని మూలసూత్రం. రెండేళ్లు జువాలజీకి తీసుకున్నాక నర్సింగ్‌కు అడిగితే మీ పాత నమోదు అడ్డొస్తుంది. డిగ్రీ పూర్తయ్యాకైతే చిక్కు ఇంకా పెద్దది. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను కలిసి, ఆధార్ నంబరుతో ఫీజు రీయింబర్స్‌మెంట్ పోర్టల్ జ్ఞానభూమిలో మీ వివరాలు చూపించి, పాత కోర్సు డిస్‌కంటిన్యూ చేస్తే కొత్త కోర్సుకు వర్తిస్తుందో లేదో అడగండి. వర్తించదంటే కన్వీనర్ ఫీజు చేతి నుంచి కట్టగలరో లేదో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

మానేసే రోజు వస్తే కాలేజీ మిగతా ఏడాది ఫీజు కూడా కట్టమని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోవచ్చు. అలా పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ తీసి దరఖాస్తుకు జతచేసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, రసీదు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు రాయండి. మర్యాదగా, కాగితం మీద అడిగితే ఎక్కువసార్లు గొడవ లేకుండానే ఇచ్చేస్తారు.

ఏ కోర్సు అన్న ప్రశ్నకు ఆసుపత్రి పని చూడకుండా జవాబు చెప్పుకోకండి. మీకు చేతిలోనే ఒక అవకాశం ఉంది. మన డిగ్రీలో రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది దాన్ని ఎక్కడో ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కొనుక్కుని ముగిస్తారు. మీరు కావలి ఏరియా ఆసుపత్రి ల్యాబులోనో, ఇంటి దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో చేసుకునేందుకు కాలేజీ నుంచి ఉత్తరం తీసుకుని సూపరింటెండెంటును, మెడికల్ ఆఫీసరును కలవండి. అది క్లినికల్ శిక్షణ కింద లెక్కకు రాదు. కానీ ఉదయం రక్త నమూనాలు తీసే వేళ గదిలో నిలబడితే, మీకు నచ్చింది రోగి పక్కన ఉండే పనా, మైక్రోస్కోప్ దగ్గర ఉండే పనా అన్నది రెండు వారాల్లో తెలిసిపోతుంది.

రోగి పక్కన ఉండే పని అనుకుంటే మా మొదటి ఓటు బీఎస్సీ నర్సింగ్‌కే. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంగ్లిషు, ఎలెక్టివ్‌లు తప్ప మిగతావాటికి పాసు మార్కు 50 శాతం. స్టాఫ్ నర్సు పోస్టులు, గ్రామ ఆరోగ్య క్లినిక్‌లలో సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పోస్టులు, ఎయిమ్స్ నర్సుల పరీక్ష నార్సెట్, విదేశాలు, తర్వాత ఎంఎస్సీ నర్సింగ్ లేదా క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, ఇన్ని దారులు ఇంకే అనుబంధ వృత్తిలోనూ లేవు. మూడేళ్ల జీఎన్ఎం కూడా రిజిస్ట్రేషన్ ఇచ్చే చదువే. కానీ నార్సెట్‌కు జీఎన్ఎం వారికి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. పైకి వెళ్లాలంటే పోస్ట్ బేసిక్ మరో రెండేళ్లు. మీ మార్కులకు బీఎస్సీ సీటు కోసమే గట్టిగా ప్రయత్నించండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, ఆసుపత్రి చూడండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఓపీ దగ్గర, వార్డుల్లో ఒక గంట తిరగండి. పడకలు నిండుగా ఉన్నాయా, ప్రసవాలు అవుతున్నాయా, ఐసీయూ నడుస్తోందా? నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ముగ్గురు రోగులకు ఒక విద్యార్థిని. 100 సీట్లు తీసుకునే కాలేజీకి 300 పడకల ఆసుపత్రి ఉండాలి. రోగులు లేని కాలేజీలో చదివిన పిల్లలు కేసు షీట్లు చూచిరాతతో నింపి, పాసయ్యాక కాన్యులా పెట్టడానికి చేతులు వణికి, ఉద్యోగంలో మొదటి నెలల్లోనే మాటలు పడతారు. చివరి ఏడాది చదువుతున్న అమ్మాయిలను పక్కకు పిలిచి, ఎన్ని ప్రసవాలు స్వయంగా చూశారని అడగండి. ఆ ఒక్క జవాబుతో కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

మైక్రోస్కోప్ వైపు మనసు లాగితే బీఎస్సీ ఎంఎల్‌టీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఇక్కడ మీ జువాలజీ నిజంగా ఉపయోగపడుతుంది. పరాన్నజీవులు, రక్తకణాలు, సెంట్రిఫ్యూజ్, స్టెయినింగ్ మీకు కొత్త కాదు. ఒక మాట గుర్తుంచుకోండి. నెల్లూరు తీరం వెంట హేచరీలకు, రొయ్యల చెరువులకు అనుబంధంగా ఉన్న ఆక్వా ల్యాబుల్లో జువాలజీ డిగ్రీ పిల్లలకు పని దొరుకుతుంది. తెల్లమచ్చ వైరస్‌కు పీసీఆర్ పరీక్షలు చేయిస్తారు. అది గౌరవమైన పనే. కానీ అక్కడ ఐదేళ్లు పీసీఆర్ చేసినా ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ పోస్టుకు అది అనుభవంగా చెల్లదు. ఇంటర్ తర్వాత చదివే రెండేళ్ల డీఎంఎల్‌టీ డిప్లొమా కూడా పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ చేసుకునేందుకు చాలు. ఇంట్లో సంపాదన తొందరగా కావాలంటే అదే దగ్గరి దారి. నాలుగేళ్లు ఆగగలిగితే డిగ్రీ మేలు.

ఫిజియోథెరపీ 2026-27 నుంచి కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను మీ వైపు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. కనిగిరి, పామూరు ప్రాంతానికి మంచి ఫిజియోథెరపిస్టులు కావాలి. అయితే ఇప్పటికే రెండేళ్లు గడిచిన మీకు ఐదేళ్లంటే బరువే. డయాలసిస్, అనస్థీషియా-ఆపరేషన్ థియేటర్, రేడియాలజీ కోర్సులకూ జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళికలు ఇచ్చింది. వాటిలో చేరేవారు డిగ్రీ పట్టా మీద రాసే పేరు కమిషన్ జాబితాలోని పేరుతో సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. పేరు కొంచెం తేడాగా ఉన్నా రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కు వస్తుంది. ఫార్మసీ కూడా ఈఏపీసెట్‌తోనే వస్తుంది, బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు. రోగి దగ్గర పని చేయాలన్న మీ కోరికకు బీఫార్మసీ కొంచెం దూరం.

సీటు ఏదీ రాక జువాలజీ పూర్తి చేయాల్సి వస్తే అది వృథా కాదు. మూడేళ్లకే బయటికి రండి. నాలుగో ఏడాది ఆనర్స్ పరిశోధన వైపు వెళ్లేవారికి పనికొస్తుంది, ఆరోగ్య వృత్తిలో చేరడానికి దానితో కలిసొచ్చేది లేదు. ఏ డిగ్రీ ఉన్నవారినైనా తీసుకునే పబ్లిక్ హెల్త్ పీజీ, అంటే ఎంపీహెచ్, కొన్ని సంస్థల్లో ఉంది. వ్యాధుల నిఘా, టీకాల కార్యక్రమాలు, గణాంకాల పని నచ్చితే అది మంచి దారి. ఏపీ పీజీసెట్ రాసి న్యూట్రిషన్, బయోటెక్నాలజీ వైపు వెళ్లవచ్చు. మెడికల్ కోడింగ్ గురించి చెన్నై, హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్‌లు గట్టిగా ప్రచారం చేస్తాయి. అది కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లిషు కేసు రికార్డులకు కోడ్‌లు వేసే పని. జీతం వస్తుంది కానీ మీరడిగిన ఆసుపత్రి పని కాదు. దానికి సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష అమెరికా సంస్థ పెట్టేది. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందే మొత్తం ఫీజు కట్టించుకునే చోట చేరకండి.

ఆలస్యం చేయకూడదని మేం అనడానికి ఇంకో కారణం ఉంది. మన వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్లలో ఎంపిక 100 మార్కులకు జరుగుతూ వచ్చింది. కోర్సులో వచ్చిన మార్కులకు 75, కోర్సు పాసైనప్పటి నుంచి ఏడాదికి ఒకటి చొప్పున 10, కాంట్రాక్టు సేవకు 15. సేవ మార్కులు ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, గ్రామాల్లో రెండు, పట్టణాల్లో ఒకటి. ఏడాది ముందు పాసైనవారికి ఒక మార్కు ముందే ఉంటుంది. ఆ 75 మార్కులు కోర్సు మొత్తం సగటు మీద వస్తాయి కాబట్టి, మొదటి సెమిస్టర్‌లో 50తో గట్టెక్కిన పేపరు పదేళ్ల తర్వాత కూడా మెరిట్ జాబితాలో మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. చేరిన తొలి నెల నుంచీ అనాటమీ, ఫిజియాలజీ పేపర్లను తేలిగ్గా తీసుకోకండి, జువాలజీలో చదివిందే కదా అనిపించినా సరే.

ఈ వారం చేయాల్సినవి: ఈఏపీసెట్, నీట్ దరఖాస్తు గడువులు చూసి రెండూ నింపడం, పామూరు బడిలోనూ నెల్లూరు కాలేజీలోనూ స్టడీ సర్టిఫికెట్లకు అడగడం, సచివాలయంలో ఫీజు సంగతి తేల్చుకోవడం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పాతబడి ఉంటే వాటికీ అదే పూట సచివాలయంలో దరఖాస్తు పెట్టేయండి. గడువు దాటిన ఆదాయ సర్టిఫికెట్‌తో కౌన్సెలింగ్ కేంద్రం దాకా వెళ్లి తిరిగొచ్చినవారు ప్రతి ఏడాదీ ఉంటారు.